సూపర్ మార్కెట్లో బట్టలు వేసుకొని చూడటం: అనంతపురంలో నన్ను అందరూ అడిగే ప్రశ్నలు

అనంతపురంలో ఒక సూపర్ మార్కెట్లో నాలుగేళ్లు బట్టల సెక్షన్లో పనిచేశాను. అందులో ఏడాదిన్నర ట్రయల్ రూం ముందు స్టూలు వేసుకొని టోకెన్లు ఇవ్వడమే నా డ్యూటీ. ఇప్పుడు ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకొని ఆల్టరేషన్లు చేస్తున్నాను. అప్పుడు టోకెన్ కోసం క్యూలో నిలబడలేక వెళ్లిపోయినవాళ్లే ఇప్పుడు కవర్ పట్టుకొని నా గడప ఎక్కుతున్నారు. "అక్కా, వేసుకొని చూడకుండానే తెచ్చేసినా, ఇదేమన్నా అవుతాదేమో చూడు" అంటారు. ఈ ప్రశ్నలన్నీ వాళ్లవే.

సూపర్ మార్కెట్లో అసలు బట్టలు వేసుకొని చూడనిస్తారా?

పెద్ద వాటిలో చాలావరకు చూడనిస్తారు. కింద పప్పులు, నూనెలు, సబ్బులు, పైన బట్టలు ఉండే చోట్ల రాక్‌లన్నీ అయిపోయిన మూలన ట్రయల్ రూం ఉంటుంది. బోర్డు కనబడకపోతే అడగండి. అడగడానికి మొహమాటపడి, చీర మీదనే కుర్తీ పెట్టి అద్దంలో చూసుకొని బుట్టలో వేసుకునేవాళ్లను రోజుకు పదిమందిని చూసేదాన్ని.

వీధి చివర ఉండే చిన్న సూపర్ మార్కెట్లో నాలుగు నైటీలు, లెగ్గింగ్స్, బనియన్లు వేలాడదీసి ఉంటాయి. అక్కడ గది ఉండదు. పండగల ముందు పెద్ద వాటిలోనూ గదులు తగ్గిపోతాయి. ఉగాది స్టాకు దిగిందంటే మా దగ్గర ఉన్న రెండు గదుల్లో ఒకటి అట్టపెట్టెలతో నిండిపోయేది.

పాతూరులో బట్టల అంగడికి వెళితే పరుపు మీద కూర్చోబెట్టి, "ఇంకోటి చూపియ్యప్పా" అన్నకొద్దీ విప్పి పరుస్తారు. మీ ఒడ్డూ పొడుగూ చూడగానే సైజు వాళ్లే చెబుతారు. సూపర్ మార్కెట్లో ఆ మనిషి లేడు. రేటు తగ్గేది కొంత అందుకే. ఆ మనిషి చేసే పని ఇక్కడ మనమే చేసుకోవాలి. కింద రాసినదంతా ఆ పని గురించే.

ఎన్ని బట్టలు లోపలికి తీసుకెళ్లొచ్చు?

ఒక్కోచోట ఒక్కో లెక్క. మూడు నుంచి ఐదు వరకు మామూలు. ఎన్ని తీసుకెళ్తే ఆ నంబరున్న ప్లాస్టిక్ బిళ్ల ఇస్తారు, బయటికి వచ్చేటప్పుడు లెక్క చూస్తారు. ఇది మిమ్మల్ని అనుమానించడం కాదు. పాత ప్యాంటు మీద కొత్త ప్యాంటు తొడుక్కొని నడుచుకుంటూ వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. వాళ్ల పుణ్యాన అందరికీ ఈ లెక్క.

సామాన్ల ట్రాలీ గది బయటే వదలండి. ఇంకో మాట, బట్టలు ముందు కొనండి, కిరాణా తర్వాత. నూనె ప్యాకెట్ కారితే, కారం ప్యాకెట్ అంచు చిరిగితే ఆ మరక పడిన చొక్కా ఎవరి నెత్తిన పడుతుందన్నది బిల్లు కౌంటర్ దగ్గర పెద్ద పంచాయతీ.

వేసుకున్నాక ఏం చూడాలి? అద్దంలో బాగుంటే చాలదా?

చాలదు. గదిలో అందరూ చేసేది ఒకటే: పొట్ట లోపలికి పీల్చి, నిటారుగా నిలబడి, అద్దం చూసుకొని వచ్చేస్తారు. ఇంటికెళ్లాక ఆ బట్టలతో కూర్చుంటారు, వంగుతారు, బండెక్కుతారు. అప్పుడు తెలుస్తుంది.

చొక్కా అయితే ముందు భుజం కుట్టు చూడండి. అది భుజం ఎముక చివరన ఆగాలి. చేయి మీదికి జారితే పెద్దది, మెడ వైపు లాగితే చిన్నది. భుజం తప్పిన చొక్కాను సరిచేయడమంటే చేతులు విప్పి మళ్లీ కుట్టడమే. నా దగ్గరికి తెస్తే వద్దనే చెబుతాను. తర్వాత రెండు చేతులూ ముందుకు చాపి, స్కూటర్ హ్యాండిల్ పట్టుకున్నట్టు పెట్టండి. వీపు మీద పట్టేస్తోందంటే సైజు మార్చండి. ఆడవాళ్ల కుర్తీల్లో, షర్టుల్లో గుండీల మధ్య సందు తెరుచుకుంటుందేమో పక్కకు తిరిగి చూసుకోవాలి. ఎదురుగా చూస్తే అది కనబడదు.

ప్యాంటు వేసుకుంటే గదిలోనే గొంతుక్కూర్చోండి. నవ్వుకోవద్దు, కూర్చోండి. తొడల దగ్గర బిగుసుకున్నా, వెనక నడుము పట్టీ వీపు నుంచి దూరంగా లేచి నిలబడినా ఆ కటింగ్ మీ ఒంటికి కాదు. నడుము లూజైతే నేను రెండంగుళాల దాకా లాగగలను. తొడ టైటైతే ఎవరూ ఏమీ చేయలేరు.

రంగు మాత్రం ఆ గదిలో నమ్మొద్దు. ట్యూబులైటు కింద నలుపు, నేవీ బ్లూ ఒకేలా ఉంటాయి. స్కూలు యూనిఫాం కోసమని నేవీ బ్లూ ప్యాంటు అనుకొని నలుపు తీసుకెళ్లి, సోమవారం పొద్దున్నే పరుగెత్తుకొచ్చిన తండ్రులెంతమందో. కిటికీ దగ్గరికో, మెట్ల దగ్గర వెలుతురు పడే చోటికో తీసుకెళ్లి చూడండి. ఎవరూ వద్దనరు.

ఎండాకాలంలో ఇంకో సంగతి. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీల ఎండలో బండి మీద వచ్చి, చెమటతో నేరుగా గదిలోకి వెళితే ఏ బట్టయినా ఒంటికి అతుక్కుంటుంది, టైటుగానే తోస్తుంది. ముందు కిరాణా సెక్షన్ ఏసీలో పది నిమిషాలు తిరగండి. ఇందాక బట్టలు ముందు కొనండి అన్నాను కదా, ఎండాకాలంలో మాత్రం ఊరికే తిరగడం ముందు, బట్టలు తర్వాత, ట్రాలీ నింపడం చివర.

ట్రయల్ రూం లేదు. సైజు ఎలా తెలుసుకోవాలి?

మీకు బాగా సరిపోయే పాత చొక్కా ఒకటి ఇంట్లో మంచం మీద పరవండి. గుండీలు పెట్టి, ముడతలు లేకుండా చేసి, ఒక చంక కింద నుంచి రెండో చంక కింద దాకా టేపుతో కొలవండి. 21 అంగుళాలు వచ్చిందనుకోండి, ఆ అంకె ఫోన్లో రాసి పెట్టుకోండి. మార్కెట్లో కొత్త చొక్కాను అలాగే పరిచి కొలిస్తే లేబుల్ మీద ఎం అని ఉన్నా, ఎల్ అని ఉన్నా మీకు అక్కర్లేదు. పొడవు మెడ వెనక నుంచి, చేయి భుజం కుట్టు నుంచి కొలవాలి. ప్యాంటుకైతే బొత్తాం పెట్టి నడుము అడ్డంగా కొలిచి రెండింతలు చేయండి. తొడ వెడల్పు కూడా కొలవడం మర్చిపోవద్దు.

ఒంటి కొలత కంటే బట్ట కొలతే మేలు. మన ఒంటిని మనం కొలుచుకుంటే టేపు ఎప్పుడూ కొంచెం బిగించే పడతాం.

టేపు లేకపోతే దారం చాలు. మా జేజి సంతకు వెళ్లేటప్పుడు ఇంట్లో పిల్లలందరి కొలతలూ ఒకే పురికొసలో ముడులు వేసి కొంగున కట్టుకొని పోయేది. ఏ ముడి ఎవరిదో ఆమెకే తెలుసు.

ప్యాంటు నడుము పట్టీని మెడ చుట్టూ తిప్పి చూస్తే సరిపోతుందంటారే, నిజమేనా?

సన్నగా, సమంగా ఉండే మనిషికి దగ్గరగా వస్తుంది. బొజ్జ ఉన్నవాళ్లకు రాదు. మెడ అలాగే ఉంటుంది, పొట్ట పెరుగుతుంది. ఈ చిట్కా నమ్మి మూడు ప్యాంట్లు కొని మూడూ వెనక్కి తెచ్చిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన మెడ లెక్క ప్రకారం ప్యాంటు సైజు ఇప్పటికీ ముప్ఫై రెండే.

ఒకే సైజు ఒక్కోచోట ఒక్కోలా ఎందుకుంటుంది?

దీనికి జవాబు మన జిల్లాలోనే ఉంది. రాయదుర్గం వెళ్లి చూడండి, జీన్స్ కుట్టే యూనిట్లు ఎన్నో. గుడ్డను పొరల మీద పొరలుగా బల్ల మీద పరిచి, పైన మార్కింగ్ పెట్టి, కరెంటు కత్తితో ఒకేసారి కోస్తారు. కత్తి కొంచెం వంగితే పై పొరకూ అడుగు పొరకూ తేడా వస్తుంది. తర్వాత కుట్టు. చొక్కాకు రెండు పక్కలా కుట్లుంటాయి కదా, ఒక్కో కుట్టులో ముందు ముక్క, వెనక ముక్క కలుస్తాయి. కుట్టేవాళ్లు ఒక్కో ముక్క నుంచి పావు అంగుళం ఎక్కువ లోపలికి పట్టారంటే నాలుగు పావులు కలిసి ఛాతీ చుట్టుకొలతలో ఒక అంగుళం పోయినట్టే. పీసుకింత అని కూలి లెక్క ఉన్నచోట పావు అంగుళం దగ్గర ఎవరు ఆగుతారు?

అందుకే ఒకే బ్రాండు, ఒకే సైజు, ఒకే రంగులో రెండు పీసులు తీసుకొని రెండూ వేసుకొని చూడండి. తేడా మీకే తెలుస్తుంది. ఒకటి చూసి "ఇది సరిపోయింది, అదే సైజు ఇంకో రంగులో ఇవ్వండి" అని చూడకుండా తీసుకోవడమే చాలామంది చేసే తప్పు.

కంపెనీకీ కంపెనీకీ మధ్య తేడా వేరే కథ. చాలా బ్రాండ్లు అమెరికా, బ్రిటన్ కొలతల పట్టికలను అటూ ఇటూ సర్దుకొని వాడుతూ వచ్చాయి. మన ఒళ్లకు మన పట్టిక ఉండాలని ఫ్యాషన్ చదువు చెప్పే నిఫ్ట్ సంస్థ ఇండియా సైజ్ పేరుతో ఒక సర్వే తలపెట్టింది. హైదరాబాద్, బెంగళూరు సహా ఆరు నగరాల్లో 25,000 మంది కొలతలు తీయాలన్నది దాని లెక్క. ఆ కొలతలు మన ర్యాక్‌ల దాకా వచ్చి వేలాడేవరకు టేపే దిక్కు.

"ఫ్రీ సైజు" అంటే ఎవరికైనా సరిపోతుందా?

ఎవరికీ పూర్తిగా సరిపోదని అర్థం. నైటీల మీద ఇది ఎక్కువ. నైటీ వెడల్పుకు భయం లేదు, పొడవుకే. మన ఎత్తు ఐదడుగుల లోపైతే రోజూ కాళ్ల కింద తొక్కుకోవడమే. నైటీని ఉన్న బట్టల మీదే వేసుకొని చూడొచ్చు, గది అవసరం లేదు.

లోపలి బట్టలు వేసుకొని చూడొచ్చా?

కుదరదు, అడగొద్దు కూడా. మార్చుకోవడానికి కూడా ఒప్పుకోరు. మీ ముందు ఇంకొకరు వేసుకొని చూసినది మీరు కొంటారా? కాబట్టి కొలత తెలుసుకొని కొనండి. బనియన్ల మీద 85, 90, 95 అని ఉండేవి సెంటీమీటర్లు. 90 అంటే ముప్ఫై ఐదున్నర అంగుళాలు, ముప్ఫై ఆరు ఛాతీ ఉన్నవాళ్లు అదే తీసుకోవచ్చు. బ్రాల మీద ఉండే 32, 34 అంగుళాలు.

చిన్నపిల్లలకు ఎలా?

లేబుల్ మీద ఉండే వయసును పట్టించుకోవద్దు. "4-5 ఏళ్లు" అన్న గౌను ఒక ఐదేళ్ల పాపకు మోకాలి పైకి ఉంటుంది, ఇంకో పాపకు పాదాల దాకా. కొన్ని లేబుళ్ల మీద ఎత్తు సెంటీమీటర్లలో ఉంటుంది, అది నమ్మొచ్చు. గోడ మీద పెన్సిల్ గీత గీసి పాప ఎత్తు కొలిచి పెట్టుకోండి.

టీషర్టు అయితే ముందు తల దూరుతుందా చూడాలి. పిల్లల తల ఒంటికి పెద్దది. మెడ దగ్గర గుండీ లేని టీషర్టు తల మీద ఇరుక్కొని, వాడు ఏడుస్తుంటే అమ్మ పైకి, నాన్న కిందికి లాగడం ట్రయల్ రూం ముందు నేను ప్రతి ఆదివారం చూసిన సీను. ఒక సైజు పెద్దది తీసుకోవడం మన ఇళ్లలో అలవాటే, మంచిదే. కానీ చెప్పులకూ ప్యాంటు నడుముకూ ఆ సూత్రం పెట్టొద్దు. జారిపోయే ప్యాంటు పట్టుకొని ఆ పిల్లోడు బడిలో ఎట్లా ఆడుకుంటాడు?

పిల్లలు నిద్రమత్తులోనో ఆకలితోనో ఉంటే ఆ రోజు కొనొద్దు. బిస్కెట్ల సెక్షన్ దాటించి తీసుకొచ్చారంటే ఇంకా కొనొద్దు.

ట్రయల్ రూంలో కెమెరాలు ఉంటాయేమోనని భయం. ఎలా చూసుకోవాలి?

భయపడటంలో తప్పు లేదు. గదిలోకి వెళ్లగానే కొక్కేలు, పైకప్పు మూలలు, స్విచ్ బోర్డు, తలుపు సందులు ఒకసారి చూడండి. కారణం లేకుండా ఒక చిన్న రంధ్రం మీ వైపు తిరిగి ఉంటే ఆ గది వద్దని చెప్పండి. అద్దం మీద వేలు పెట్టి నీడకూ వేలికీ మధ్య సందు చూసే పరీక్ష ఫోన్లలో బాగా తిరుగుతుంది. అది అద్దం పూత ముందుందా వెనకుందా అన్నదే చెబుతుంది. అంతకంటే ఫోన్ టార్చిని అద్దానికి ఆనించి, చుట్టూ చేయి అడ్డం పెట్టి చూడటం నయం. అటువైపు నుంచి చూసే అద్దమైతే వెనక ఏముందో కనబడుతుంది. కర్టెన్ మాత్రమే ఉంటే తోడు వచ్చినవాళ్లను బయట నిలబెట్టండి.

ఏదైనా దొరికితే ముట్టుకోవద్దు, ఫోటో తీసి 112కు ఫోన్ చేయండి. ఆడవాళ్లు బట్టలు మార్చుకుంటుంటే దొంగచాటుగా చూడటం, తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. "మేనేజర్‌తో మాట్లాడి సర్దుకుందాం" అని ఎవరైనా అంటే వినొద్దు.

అంతమంది వేసుకొని విడిచినవి కదా, ఉతకకుండా కట్టుకోవచ్చా?

ఉతికే కట్టుకోండి. చెమట ఒక్కటే కాదు, బట్ట ముడత పడకుండా, పెళపెళలాడుతూ కనబడటానికి వేసే గంజి, రసాయనాలు కూడా ఉంటాయి. కొందరికి దురద పెడతాయి. ముదురు రంగువి విడిగా నానబెట్టండి.

కాటన్ బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుంటుంది. నూటికి మూడు నుంచి ఐదు వంతులు అనుకోండి, 40 అంగుళాల పొడవున్న కుర్తీ అంగుళం నుంచి రెండంగుళాలు పైకి పోతుంది. అందుకే గదిలో మోకాలికి సరిగ్గా ఆగిన కాటన్ కుర్తీ నాకు నచ్చదు. కొంచెం కిందికి ఉండాలి. పాలిస్టర్ కలిసినదైతే ఆ బాధ తక్కువ.

బిల్లయ్యాక సైజు సరిపోకపోతే మార్చుకోవచ్చా?

ఇక్కడ రెండు విషయాలు కలిపేస్తారు, విడదీసి చెబుతాను. బట్ట బాగానే ఉంది, మీకు పట్టలేదు. అది ఆ అంగడి నియమం మీద ఉంటుంది. కొన్నిచోట్ల వారం, కొన్నిచోట్ల రెండు వారాలు, ఆఫర్లో కొన్నవైతే అసలు లేదు. బిల్లు వెనక సన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, డబ్బు కట్టకముందే అడగండి. ట్యాగు తెంపొద్దు, బిల్లు పారేయొద్దు. ఆ బిల్లు కాగితం మీది అక్షరాలు ఎండకు చెరిగిపోతాయి, ఫోటో తీసిపెట్టుకోండి.

బట్టలోనే లోపం ఉంటే వేరే లెక్క. కుట్టు విడిపోయింది, చిరుగుంది, ఒక చేయి పొడవు ఇంకో చేయి పొట్టి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడ మీద రాసినంత మాత్రాన వాళ్లు తప్పించుకోలేరు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా వెనక్కి తీసుకొని డబ్బు ఇవ్వకపోవడం, బిల్లులో గడువే లేకపోతే 30 రోజుల్లోగా ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది.

నాకే ఒకసారి జరిగింది. తమ్ముడికి వేరే అంగట్లో చొక్కా కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే మూడో గుండీకి కాజా లేదు. గుండీ ఉంది, కాజా కుట్టడమే మర్చిపోయారు. వాళ్లు "వేసుకున్నాక తెచ్చినారు" అన్నారు. కాజా లేని చొక్కా ఎలా వేసుకుంటారని అడిగితే జవాబు లేదు. 1915కు ఫోన్ చేస్తానని ఆ నంబరు వాళ్ల ముందే నొక్కితే అప్పుడు మార్చారు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంకా వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. ఐదు వందల చొక్కా కోసం అంత దూరం ఎవరూ పోరని వాళ్ల ధైర్యం.

పసుపు పెట్టేశాం. ఇప్పుడు మార్చుకోవచ్చా?

మార్చరు. కొత్త బట్ట అంచుకు పసుపు పెట్టి దేవుడి ముందు ఉంచడం మన పద్ధతి. కానీ పసుపు మరక పడిన పీసును మళ్లీ ర్యాక్ మీద పెట్టలేరు. నేను డ్యూటీలో ఉండగా ఒక పెద్దమ్మ చీర జాకెట్టు, లోపలి లంగా, మనవడి చొక్కా, అన్నిటికీ పసుపు పెట్టి తెచ్చి "దేవుడికి చూపించినాము కదమ్మా, పాపం అంటాది, మార్చు" అంది. ఏం చెప్పాలో తెలియలేదు. ముందు వేసుకొని చూడండి, తర్వాత పసుపు పెట్టండి. ట్యాగు తీసేశాకే పసుపు అని ఇంట్లో ఒక నియమం పెట్టుకుంటే సరి.

గట్టి ప్లాస్టిక్ ట్యాగు తీయడం మర్చిపోయారు. ఇంట్లో పీకేయొచ్చా?

వద్దు, బట్ట చిరుగుతుంది. కొన్నిటిలో సిరా ఉంటుంది, పగిలితే అంతే. బిల్లు తీసుకొని వెళ్లండి, నిమిషంలో తీసిస్తారు.

బట్టల మీద జీఎస్టీ వేరేగా కట్టాలా?

ఎమ్మార్పీలోనే కలిసి ఉంటుంది, పైన అడిగితే కట్టొద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి పీసు 2,500 రూపాయల దాకా 5 శాతమే. అంతకుముందు వెయ్యి దాటితే 12 శాతం ఉండేది. సూపర్ మార్కెట్లో మనం కొనేవన్నీ దాదాపు ఆ ఐదు శాతంలోనే వస్తాయి.

పది వేసుకొని చూసి ఒక్కటీ కొనకపోతే ఏమన్నా అనుకుంటారా?

అనుకోరు. మాకు జీతం ఒకటే. విడిచిన బట్టలు నేల మీద కుప్ప వేసి పోతే మాత్రం అనుకుంటాం. హ్యాంగరుకు తగిలించకపోయినా పర్లేదు, చేతికి ఇవ్వండి. తిరగేసిన ప్యాంటును సరిచేసి ఇస్తే ఆ రోజు మీ పేరు తలుచుకుంటాం.

ఊళ్లో ఉన్న నాయనకు కొనాలి, ఆయన రారు. ఎలా?

పండక్కి వెళ్లినప్పుడు ఆయన చొక్కా ఒకటి, మాసినదైనా సరే, తెచ్చుకోండి. దాన్ని మార్కెట్‌కు తీసుకెళ్లి గేటు దగ్గర సెక్యూరిటీకి ముందే చూపించండి, లేకపోతే బయటికి వచ్చేటప్పుడు అదీ బిల్లు చేయమంటారు. పెద్దవాళ్లకు ఛాతీ సరిపోయినా పొట్ట దగ్గర గుండీ పట్టదు, అక్కడ కూడా కొలవండి. చేతులు పొట్టివే కొనండి, పొడుగు చేతులు కొన్నా మోచేతి దాకా మడిచే తిరుగుతారు. జేబు ఉండాలి. జేబు లేని చొక్కా ఎంత ఖరీదుదైనా ఆయన వేసుకోరు.

తెచ్చేశాక పట్టలేదు. ఆల్టరేషన్‌లో ఎంతవరకు సరిచేయొచ్చు?

తగ్గించడం ఎప్పుడూ సులువు, పెంచడం కష్టం. దర్జీ కుట్టిన జాకెట్టులో లోపల అంగుళం గుడ్డ వదిలిపెడతారు. రెడీమేడ్‌లో అంత వదలరు. కుట్టు తిరగేసి చూడండి, ఎంత గుడ్డ మిగిలి ఉందో అంతే పెంచగలం. ప్యాంటు పొడవు, కుర్తీ పక్కలు, చేతుల వదులు తగ్గించడం అరగంట పని. జీన్స్ పొడవు తగ్గించాలంటే కింది పాత అంచును అలాగే ఉంచి పైన కలిపి కుట్టమని అడగండి, కొత్తగా మడిచినట్టు కనబడదు. ఒకసారి ఉతికి ఆరేశాకే తీసుకురండి, పొడవు తగ్గించిన తర్వాత కుంచించుకుంటే నన్ను అడగొద్దు. శనివారం సాయంత్రం తెచ్చి ఆదివారం పెళ్లికి కావాలనడం మాత్రం మానుకోండి. ఆ పూట నా మిషన్ మీద ఇప్పటికే పదకొండు ప్యాంట్లుంటాయి.